రెండు నివేదికలు: కాన్పూరు, హైదరాబాదు

ప్రపంచ రాజకీయ పరిభాషలో ఇటీవల మిక్కిలి వ్యాప్తికి వచ్చిన మాట ఇస్లామోఫోబియా. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలోనే ఫ్రెంచి రచయితలు కొందరు దీనిని వాడినారు. 1997లో బ్రిటనులోని రన్నీమీడ్ ట్రస్టు అను సంస్థ తన నివేదికకు ఈ మాటను శీర్షికగా ఉంచిన పిమ్మట ఇది పత్రికలకు, చట్టసభలకు ఎక్కినది. 2019 మార్చి 15న న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చి నగరములో ఒక సాయుధుడు రెండు మసీదులలో చొరబడి, ప్రార్థనకు వచ్చిన వారిపై కాల్పులు జరిపి 51 మందిని బలిగొన్నాడు. మూడేండ్ల తరువాత, 2022లో, ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అదే తేదీని ఇస్లామోఫోబియాను ఎదుర్కొను అంతర్జాతీయ దినముగా ప్రకటించినది. ఆ తీర్మానమును సభ ముందుంచినది పాకిస్తాను. హిందూ, బౌద్ధ, సిక్కు మతముల పట్ల కూడ విద్వేషము లోకములో ఉన్నది గదా, ఒక్క మతము పేరనే ఒక దినము ఏల అని భారత ప్రతినిధి ఆక్షేపము తెలిపినాడు. ఆ వాదప్రతివాదములు నేటికిని సాగుచున్నవి.

అనువాదము చేయువానికి ఈ మాట ఒక చిక్కు. గ్రీకు మూలమును బట్టి ఫోబియా అనగా భయము. దీనిని 'ఇస్లాం భీతి' అన్నచో మన దృష్టి భయపడువాని మీదికి పోవును. భయపడువాడు జాలికి పాత్రుడే గాని నిందకు పాత్రుడు కాడు. 'ముస్లిము ద్వేషము' అన్నచో దృష్టి ఆ ద్వేషమునకు గురియైన మనుష్యుల మీదికి వచ్చును. వివాదమంతయు నిజమునకు ఈ రెండు అనువాదముల నడుమనే తిరుగుచున్నది. మతసిద్ధాంతమును విమర్శించుట ప్రతివాని హక్కు, ఈ మాట ఆ హక్కు నోరు నొక్కుచున్నది, హింస చేయువారు తామే మతము పేరు చెప్పుకొనుచుండగా దానిని చూచి భయపడుట రోగమెట్లగును అని ఒక పక్షము వారందురు. జరుగుచున్నది సిద్ధాంతచర్చ కాదు, పేరు విని ఇల్లు అద్దెకు ఇవ్వనిది సిద్ధాంతమునకు కాదు, మనిషికి అని రెండవ పక్షము వారందురు.

పేరు క్రొత్తదే గాని ఈ వివాదము మనకు క్రొత్తది కాదు. మతము పేర రక్తము చిందినప్పుడు అది మతమువలన కలిగినదా, మనుష్యులవలన కలిగినదా? ఒక సమాజమునకు హింస స్వభావసిద్ధమని చెప్పవచ్చునా? చచ్చినవారి లెక్క ఎవరు వ్రాయవలెను, ఎవరి లెక్కను నమ్మవలెను? గత శతాబ్దిలో ఈ ప్రశ్నలకు జవాబు వెదకిన నివేదికలు రెండు ఉన్నవి. మొదటిది 1931లో కాన్పూరు అల్లర్లను గూర్చినది. రెండవది 1948లో హైదరాబాదు సంస్థానమున పోలీసు చర్య వేళలోను, దాని తరువాతను జరిగిన హత్యాకాండను గూర్చినది. ఈ రెంటిలోను ప్రధానపాత్ర వహించిన వ్యక్తి ఒక్కడే. ఆయన పండిత సుందర్‌లాల్. మొదటి నివేదికను పరప్రభుత్వము నిషేధించినది. రెండవదానిని స్వప్రభుత్వము బీరువాలో పెట్టి తాళము వేసినది. ఈ రెండు నివేదికల చరిత్రను ఒకచోట చేర్చి చూచినచో, నేటి వివాదములో మనము దేనిని జారవిడుచుచున్నామో కొంత తెలియగలదు.

సుందర్‌లాల్ పేరు ఉత్తరాదివారికి ఒక హిందీ గ్రంథము మూలమున సుపరిచితము. 'భారత్ మేఁ అంగ్రేజీ రాజ్' అను ఆయన బృహద్గ్రంథము 1929లో వెలువడిన కొలది దినములకే ప్రభుత్వము దానిని జప్తు చేసినది. సంస్కృతపదములతో నింపిన హిందీ, అరబ్బీ పారసీక పదములతో నింపిన ఉర్దూ రెండును ఆయనకు సమ్మతములు కావు. వీధిలో ఇరువురు మనుష్యులు మాటాడుకొను హిందుస్తానీయే దేశభాష కావలెనని ఆయన పట్టు. గీతను, ఖురానును ప్రక్కప్రక్కన ఉంచి పుస్తకము వ్రాసినాడు. 1981లో కన్నుమూయువరకు ఆయన చేసిన పనులలో ఎక్కువభాగము, విడిపోవుచున్న రెండు అంచులను కలిపి పట్టుకొను యత్నమే. ఆ యత్నము ఫలించినదా అన్నది వేరు ప్రశ్న.

1931 మార్చి 23న లాహోరులో భగత్ సింగ్, రాజగురు, సుఖదేవులను ఉరితీసినారు. మరునాడు కాన్పూరులో హర్తాళ్ జరిగినది. దుకాణములు మూయవలెనని ఊరేగింపువారు, మూయమని ముస్లిము వర్తకులు కొందరు పట్టుపట్టుటతో మొదలైన తగవు గంటల వ్యవధిలో మతకలహముగా మారినది. గుడులు, మసీదులు తగులబడినవి. వందలకొద్ది జనము చచ్చినారు. పోలీసులు చాలచోట్ల చూచుచు నిలిచిపోయినారు. తరువాత ప్రభుత్వమువారే నియమించిన విచారణ సంఘము సయితము జిల్లా అధికారి సకాలములో చర్య తీసికొనలేదని తప్పుపట్టినది.

ఆ అల్లర్లలో బలియైన వారిలో గణేశ్ శంకర్ విద్యార్థి ఒకడు. 1913 నుండి ఆయన కాన్పూరులో 'ప్రతాప్' పత్రికను నడపుచుండెను. రైతుల గోడు, సంస్థానాధీశుల దుండగములు, మిల్లు కూలీల వెతలు అచ్చువేసి పలుమారులు జైలుకు పోయిన సంపాదకుడు. భగత్ సింగ్ యౌవనదశలో మారుపేరుతో ఆ పత్రికలోనే కొంతకాలము పనిచేసినాడు. అల్లర్లు రేగునాటికి విద్యార్థి జైలునుండి విడుదలై వచ్చి ఇంకను నెల కాలేదు. సంయుక్త రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షుడు. ఇంట కూర్చుండి ప్రకటనలు వ్రాయుటకు అవకాశమున్నను ఆయన వీధులలోనికి పోయినాడు. హిందువుల పేటలలో చిక్కుకొనిన ముస్లిము కుటుంబములను, ముస్లిముల పేటలలో చిక్కుకొనిన హిందూ కుటుంబములను తరలించుచు తిరిగినాడు. మార్చి 25న ఒక గుంపు ఆయనను చంపినది. కొన్ని దినముల తరువాత ఆసుపత్రిలో శవముల నడుమ ఆయన దేహమును గుర్తుపట్టినారు. అట్టి మరణము తమకును లభించిన బాగుండునని అందరు కోరుకొనదగినదని గాంధీ వ్రాసినాడు.

అప్పుడే కరాచీలో కాంగ్రెసు మహాసభ జరుగుచుండెను. అధ్యక్షుడు సర్దార్ వల్లభభాయి పటేలు. ఆ సభ కాన్పూరు అల్లర్లను విచారించుటకు ఒక సంఘమును నియమించినది. కాశీకి చెందిన తత్త్వవేత్త డాక్టరు భగవాన్‌దాసు దానికి అధ్యక్షుడు, సుందర్‌లాల్ కార్యదర్శి. పురుషోత్తమదాస్ టండన్, మంజర్ అలీ సోఖ్తా మొదలగువారు సభ్యులు. ఇందు హిందువులును ముస్లిములును ఉన్నారు. వారు కాన్పూరులో సాక్ష్యములు సేకరించి ఊరకుండలేదు. వారికి విచిత్రమైన ఒక సంగతి ఎదురైనది. ఎవ్వరిని అడిగినను, మార్చి 24న ఏమి జరిగినదో చెప్పుటకు ముందు వందల ఏండ్ల చరిత్ర చెప్పుచుండిరి. ఒకరు గజినీ మహమ్మదుతో మొదలుపెట్టిన, మరియొకరు ఇంకొక రాజుతో మొదలుపెట్టుచుండిరి. కావున సంఘమువారు తమ నివేదికలో పెద్దభాగమును ఆ చరిత్రకే కేటాయింపవలసి వచ్చినది.

ఆ భాగమునందలి వాదము సంగ్రహముగా ఇది. హిందువులు, ముస్లిములు అనాదినుండి వైరులు, ఆ వైరము మతమునందే పుట్టినది, దానిని అణచియుంచునది ఆంగ్లేయుల పాలన ఒక్కటే అను కథ పాఠ్యపుస్తకములలో, గెజిటీరులలో అల్లబడినది. దేవాలయ ధ్వంసము జరిగినది, జిజియా పన్ను ఉన్నది, వానిని దాచవలసిన పని లేదు. కాని రాజుల యుద్ధములను ప్రజల యుద్ధములుగా చదువుట తప్పు. ఒకే శతాబ్దిలో ఒక సుల్తాను గుడిని కూల్చినాడు, అదే సుల్తాను కొలువులో హిందూ సేనాని ఉన్నాడు. కబీరు, నానకు పుట్టిన దేశమును కేవలము కత్తుల చరిత్రగా వ్రాయుట, నిజములో సగమును మాత్రము వ్రాయుట. పందొమ్మిదవ శతాబ్ది రెండవ భాగమునుండి పాలకులు ఒకప్పుడు ఒకరిని, మరియొకప్పుడు మరియొకరిని చేరదీసి ఈ భేదమును రాజకీయ భేదముగా బిగించినారు.

నివేదిక ఊహించి చెప్పిన ఈ విషయమునకు తరువాతి చరిత్రకారులు దస్తావేజుల ఆధారములు చూపినారు. 1809లో కాశీలో జరిగిన కలహమును ఇందుకు దృష్టాంతముగా చెప్పుదురు. ఆనాటి అధికారి నివేదికలో మృతుల సంఖ్య ముప్పదికి లోపు. ఒక శతాబ్ది గడచిన పిమ్మట 1907 నాటి జిల్లా గెజిటీరులో అది కొన్ని వందలైనది. చచ్చినవారు సమాధులలో సంతానము కనరు గదా. పెరిగినది వారి సంఖ్య కాదు, వ్రాయువారి అవసరము. చరిత్రకారుడు జ్ఞానేంద్ర పాండే 1990లో ప్రకటించిన తన గ్రంథములో ఈ పరిణామమును విపులముగా వివరించినాడు. మతకలహమును గూర్చి వ్రాసిన వ్రాత కూడ మతకలహములో ఒక భాగమే అని దీనివలన తెలియుచున్నది.

అయినను కాన్పూరు నివేదికలో లోపము లేదనరాదు. మధ్యయుగమునందలి సామరస్యమును అది కొంత ఉదారముగా చిత్రించినది. విదేశీ పాలకుల కుటిలనీతిని చెప్పు వేగములో, మన పెద్దలే నడపిన శుద్ధి, తబ్లీగు ఉద్యమములు 1920ల నడుమ వీధులలో రేపిన వేడిని తగినంతగా తూచలేదని ఒక విమర్శకుడు అన్నచో కాదనుట కష్టము. పాలకుడు నిప్పు పెట్టుటకు మన ఇంట ఎండుగడ్డి ఉండవలెను గదా. కాని ఆ పుస్తకమును ప్రభుత్వము నిషేధించినది ఈ లోపములకు కాదు. కలహమునకు కారణము మతము మాత్రమే కాదని, అధికారులు, పత్రికలు, నాయకులు, వర్తకపు పోటీలు కలసి ఏర్పరచిన కూడలి అని చెప్పినందుకు నిషేధించినది. సుమారు ఏడు దశాబ్దుల పిమ్మట, స్వతంత్ర భారతములో నేషనల్ బుక్ ట్రస్టు దానిని తిరిగి అచ్చు వేసినది.

కాన్పూరునుండి హైదరాబాదుకు వచ్చుటకు సుందర్‌లాల్‌కు పదునేడేండ్లు పట్టినది. ఈ నడుమ దేశము స్వతంత్రమై విభజింపబడినది. హైదరాబాదు సంస్థానమున పదునారు జిల్లాలు. తెలుగు, మరాఠీ, కన్నడము మాటాడు జనము. ప్రజలలో అత్యధికసంఖ్యాకులు హిందువులు, ప్రభువు ముస్లిము. స్వతంత్రరాజ్యముగా నిలువగోరిన నిజాము ప్రభుత్వపు అండతో కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారు దళములు 1947, 1948 సంవత్సరములలో గ్రామములపై పడినవి. ఇండ్లు కాల్చినారు, ధాన్యము దోచినారు, స్త్రీలను చెరచినారు. 1948 ఆగస్టులో వరంగల్లు ప్రాంతమున బైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసగా నిలిపి కాల్చి చంపిన ఘటన నేటికిని అక్కడి జనుల నోట ఉన్నది. ఈ సంగతిని తక్కువచేసి చెప్పు ఏ చరిత్రయు చరిత్ర కాదు.

అట్లే, రజాకార్లను ముస్లిములందరితో సమానము చేయు చరిత్రయు చరిత్ర కాదు. ఇందుకు సాక్ష్యము కొరకు దూరము పోనక్కరలేదు. షోయబుల్లా ఖాన్ అను యువకుడు హైదరాబాదులో 'ఇమ్రోజ్' అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడు. అంతకు ముందు మందుముల నరసింగరావు నడపిన 'రయ్యత్' పత్రికలో పనిచేసినవాడు. ఒక తెలుగువాడు ఉర్దూలో పత్రిక నడపుట, ఒక ముస్లిము యువకుడు అందు చేరి ప్రజారాజ్యము కొరకు వ్రాయుట ఆనాటి హైదరాబాదులో వింత కాదు. సంస్థానము భారతదేశములో చేరవలెనని షోయబు బాహాటముగా వ్రాసినాడు. 1948 ఆగస్టులో ఒకనాటి రాత్రి, కచేరీనుండి ఇంటికి పోవుచుండగా రజాకార్లు ఆయనను కాల్చి, వ్రాసిన కుడిచేతిని నరికినారు. కవి మఖ్దూం మొహియుద్దీన్ ఆ పాలనకు ఎదురు తిరిగిన కమ్యూనిస్టులలో ముఖ్యుడు. కాన్పూరులో విద్యార్థిని చంపినది ముస్లిముల గుంపు. హైదరాబాదులో షోయబును చంపినదియు ముస్లిముల గుంపే. కాని ఈ రెండు హత్యలను పక్కపక్కన ఉంచినచో మతమువలన ఏమి తేలుచున్నది? ఒకచోట హతుడు హిందువు, మరియొకచోట ముస్లిము. ఇద్దరును సంపాదకులు. తమవారు అనదగినవారి మాటను కాదని ఎదుటివాని ప్రాణమును గూర్చి, హక్కును గూర్చి పలికినవారు.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానములో ప్రవేశించినది. 17న నిజాము లొంగుబాటును ప్రకటించినాడు. మేజర్ జనరల్ చౌధురి సైనిక గవర్నరు అయినాడు. యుద్ధము అయిదు దినములలో ముగిసినది. కాని పలు జిల్లాలలో సామాన్య ముస్లిములపై ప్రతీకారము అప్పుడే మొదలైనది. ఢిల్లీకి అందిన వార్తలు ప్రధానమంత్రి నెహ్రూను కలతపెట్టినవి. ఆయన కోరికపై సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ మొదలగువారితో కూడిన బృందము నవంబరు 29నుండి డిసెంబరు 21వరకు సంస్థానములో పర్యటించినది. కాజీ అబ్దుల్ గఫార్ హైదరాబాదుకు క్రొత్తవాడు కాడు. ఇచట 'పయాం' పత్రికను నడపినవాడు, ఉర్దూలో పేరొందిన రచయిత.

వారు పదునారింట తొమ్మిది జిల్లాలు చూచినారు. తాము పోజాలని నూటికి పైగా గ్రామముల వారిని పిలిపించి విన్నారు. వారి అంచనా ఇది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు ఈ నాలుగు జిల్లాలలోనే మృతులు 18,000కు తక్కువ కారు. ఔరంగాబాదు, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలలో కనీసము 5,000. సంస్థానమంతటను తక్కువలో తక్కువగా లెక్కించినను 27,000నుండి 40,000వరకు ప్రాణములు పోయినవి. హత్యలతో పాటు మానభంగములు, దోపిడి, మసీదుల అపవిత్రీకరణము, బలవంతపు మతమార్పిడులు, ఇండ్ల భూముల ఆక్రమణము జరిగినవని వారు వ్రాసినారు. ఈ పనిలో స్థానికులతో పాటు సరిహద్దు ఆవలినుండి వచ్చిన ముఠాలు ఉన్నవని, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సయితము దోపిడిలోను ఇతర నేరములలోను పాల్గొన్నట్లు తిరుగులేని సాక్ష్యము లభించినదని తెలిపినారు.

ఈ నివేదికలోని మరియొక గుణము ముఖ్యముగా గమనింపదగినది. వారు రజాకార్ల అత్యాచారములను దాచలేదు. ప్రతీకారమునకు వెనుక ఆ అత్యాచారములే ఉన్నవని స్పష్టముగా చెప్పినారు. అంతటితో ఆగక, హిందువులు ప్రాణములకు తెగించి ముస్లిములను కాపాడిన సందర్భములను సేకరించి వ్రాసినారు. ఒకే వృత్తివారి నడుమ ఈ సోదరభావము బలముగా ఉన్నదని, హిందూ నేతగాండ్రు ముస్లిము నేతగాండ్రను హిందువుల గుంపులనుండియే రక్షించినారని అందు కలదు. మగ్గము పక్క మగ్గము వేసికొని బ్రతికినవానికి పొరుగువాడు మొదట నేతగాడు, తరువాతనే ముస్లిము. ఒక సమాజమును ఒకే ముద్దగా చూచుట సాధ్యము కాని చోటు అది.

హత్యాకాండ ఎక్కువగా మరాఠీ, కన్నడ జిల్లాలలో జరిగినదని పైలెక్కయే చెప్పుచున్నది. అయినను నల్లగొండ, మెదక్ పేర్లు అందులో ఉన్నవని తెలుగువారము మరువరాదు. తెలంగాణములో ఇది కొంత తగ్గియుండుటకు గల కారణములలో రైతు పోరాటము ఒకటి అనవచ్చును. భూమి కొరకు జరిగిన ఆ పోరాటములో దేశముఖు దేశముఖుగానే కనిపించినాడు. వాని మతము రెండవ సంగతి. పోరాట గ్రామములలో సామాన్య ముస్లిములకు రక్షణ లభించిన విషయమును పుచ్చలపల్లి సుందరయ్య ఆ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథములో పేర్కొన్నాడు.

ఈ నివేదిక ఢిల్లీకి చేరినది. హోంమంత్రి పటేలు దానిని అంగీకరింపలేదు. అట్టి విచారణ జరుపు అధికారము బృందమునకు లేదని ఆయన వాదము. పదునెనిమిదేండ్ల క్రితము కాన్పూరు సంఘమును నియమించిన మహాసభకు అధ్యక్షత వహించినవాడు పటేలే అన్న సంగతి గుర్తు చేయుట ఆయనను చులకన చేయుటకు కాదు. ప్రతిపక్షమున ఉన్నప్పుడు కోరిన విచారణ, పాలకపీఠమున ఉన్నప్పుడు బరువగుట ఒక్క వ్యక్తి దోషము కాదు. నాటి పరిస్థితిని కూడ చూడవలెను. హైదరాబాదు విషయము భద్రతామండలి ముందు ఉన్నది. విభజన గాయములు ఆరలేదు. ఈ లెక్క బయటపడినచో మరల ఎక్కడ రక్తము చిందునో అను భయము నిరాధారము కాదు. అయినను ఫలితము మాత్రము ఇది: నివేదిక దశాబ్దులపాటు అచ్చు కాలేదు. 1950లో పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ ఒక విదేశీ పత్రికలో ఈ విషాదమును గూర్చి వ్యాసము వ్రాసినాడు. అది చదివినవారు ఎందరు? 2013 నాటికి గాని నివేదిక ప్రతి నెహ్రూ స్మారక గ్రంథాలయములో పరిశోధకులకు అందుబాటులోనికి రాలేదు. ఆ కాలముననే న్యాయవాది, రచయిత ఏ.జి. నూరానీ హైదరాబాదును గూర్చిన తన గ్రంథములో దానిని చేర్చినాడు.

దాచిన లెక్క లేకుండ పోదు. రెండు సగములై ఇండ్లలో బ్రతుకును. ఒక ఇంట బైరాన్‌పల్లిని మాత్రము చెప్పుదురు. మరియొక ఇంట ఉస్మానాబాదును మాత్రము చెప్పుదురు. మొదటి ఇంటి పిల్లవానికి ముస్లిము అనగా రజాకారు. రెండవ ఇంటి పిల్లవానికి సెప్టెంబరు 17 అనగా తాత తిరిగి రాని దినము. ఆ దినమునకు మనము ఇచ్చుకొనిన పేర్లే ఇందుకు నిదర్శనము: విలీనము, విమోచనము, విద్రోహము. 2022లో అదే దినమును కేంద్రప్రభుత్వము విమోచన దినముగాను, రాష్ట్రప్రభుత్వము సమైక్యతా దినముగాను జరిపినవి. 2024లో రాష్ట్రమున ప్రభుత్వము మారిన పిమ్మట ప్రజాపాలన దినోత్సవమను మరియొక పేరు వచ్చినది. పేరు ఏదైనను, ఒక సగము నిజమును విడిచినప్పుడు ఆ ఖాళీలోనికి భయము వచ్చి చేరును.

అచ్చువేసినంత మాత్రమున అంతయు చక్కబడునని కూడ అనుకొనరాదు. పొరుగుదేశపు అనుభవము ఈ విషయమును తెలుపుచున్నది. 1953లో పాకిస్తానులోని పంజాబులో అహ్మదీయులకు వ్యతిరేకముగా అల్లర్లు రేగినవి. న్యాయమూర్తులు మునీరు, కయానీ విచారణ జరిపి 1954లో సమర్పించిన నివేదిక వెంటనే అచ్చైనది. వారు ఉలేమాలను పిలిచి, ముస్లిము అనగా ఎవరు అని అడిగినారు. వచ్చిన జవాబులలో ఏ రెండును కలియలేదు. మతనాయకులను, వారిని తమ అవసరములకు వాడుకొనిన ప్రాంతీయ ప్రభుత్వమును ఆ న్యాయమూర్తులు నిర్మొహమాటముగా తప్పుపట్టినారు. అయినను ఇరువది ఏండ్ల తరువాత, 1974లో, రాజ్యాంగ సవరణ ద్వారా అహ్మదీయులు ముస్లిములు కారని ఆ దేశము శాసించినది. ఇస్లాం పేర జరిగిన హింసకు గురియైనవారు తాము ముస్లిములమని చెప్పుకొనువారే. ఆ హింసను నిర్భయముగా ఖండించిన న్యాయమూర్తులును ముస్లిములే. ఇంత భేదమును ఒక్క 'ఇస్లాం' అను మాటలో కట్టి, దానికి హింసను స్వభావముగా అంటగట్టువాడు ఈ నివేదికను చదివినవాడు కాడు. అట్లే, ఆ హింసలో మతనాయకుల బోధకు పాత్ర లేదనువాడును దీనిని చదివినవాడు కాడు.

ఇప్పుడు మొదటి వివాదమునకు మరలి వచ్చిన, దానిలోని రెండు పక్షములకును ఈ నివేదికలు కొంత చెప్పగలవు. మతసిద్ధాంతమును విమర్శించు హక్కు కోరువానితో అవి ఇట్లనును: విమర్శింపుము, కాని గుంపు చేసిన నేరమును గుంపులో లేనివాని తలకు చుట్టకుము. ఉస్మానాబాదులో చచ్చిన నేతగానికి రజ్వీ ప్రసంగములతో సంబంధము లేదు. ద్వేషమును ఖండించువానితో ఇట్లనును: ఖండింపుము, కాని నీవారు చేసిన హత్యను నీవే మొదట లెక్క వ్రాయుము. సుందర్‌లాల్ హైదరాబాదులో చేసినది అదియే. హిందువై పుట్టి హిందువులు చేసిన హత్యల లెక్క వ్రాసినాడు. షోయబుల్లా చేసినదియు అదియే. ముస్లిమై పుట్టి ముస్లిము దళముల దౌర్జన్యమును ఎదిరించి వ్రాసినాడు. ఎదుటివాని నేరమును లెక్కించుటకు ధైర్యము అక్కరలేదు, కోపము చాలును.

మతహింసను గూర్చిన మంచి విచారణకు ఈ రెండు నివేదికలు కొన్ని నియమములను చూపినవి. మొదటిది, సంఖ్య. చచ్చినవారు ఎందరో, ఎక్కడో, ఎవరో చెప్పవలెను. సంఖ్య లేనిచోట కాశీ గెజిటీరులో వలె వదంతి దానంతట అది పెరుగును. రెండవది, రాజ్యము యొక్క పాత్ర. పోలీసు ఏల కదలలేదో అడుగని విచారణ మతమును మాత్రమే నిందించి ముగియును. మూడవది, కాపాడినవారి పేర్లు. వీరిని విడిచినచో సమాజములు రెండును ఒకదానికొకటి గోడలుగా మాత్రమే కనిపించును. నాలుగవది, ప్రకటన. 1992, 1993 సంవత్సరముల బొంబాయి అల్లర్లపై న్యాయమూర్తి శ్రీకృష్ణ సమర్పించిన నివేదికలో మృతులు 900 మంది అని, వారిలో 575 మంది ముస్లిములు, 275 మంది హిందువులు అని ఉన్నది. 1998లో అది శాసనసభ ముందు ఉంచబడినది గనుకనే ఆ సంఖ్యను నేడు ఎవ్వరును ఇష్టము వచ్చినట్లు పెంచలేరు, తుంచలేరు.

హైదరాబాదు లెక్కకు ఆ భాగ్యము కలుగలేదు. అది అంచనాగానే నిలిచినది. 27,000కును 40,000కును నడుమ ఉన్న పదమూడు వేలమంది చచ్చినారో బ్రతికినారో తేల్చుటకు నాడు ఊరూర సాక్షులు ఉన్నారు. నేడు వారు లేరు. ఇస్లామోఫోబియా అను మాటకు సరియైన తెలుగు భీతియా ద్వేషమా అని మనము చర్చింపవచ్చును, చర్చింపవలెను కూడ. ఆ చర్చ సాగుచుండగనే, పట్టిన పుస్తకమును జప్తు చేయుటవలనను, వ్రాసిన లెక్కను బీరువాలో ఉంచుటవలనను ఏ సమాజమునకు భయము తగ్గినదో ఎవరైన చూపగలరా అని కూడ అడుగవలెను. చూపజాలనిచో, మిగిలిన దారి సుందర్‌లాల్ నడచినదే: జిల్లాకు జిల్లా తిరిగి, ఇరువైపుల వారిని కూర్చుండబెట్టి విని, వ్రాసి, అచ్చువేయుట.